సల్వాలో వెనక్కి చూడని ఆటగాడు

కువైట్ వెళ్ళొచ్చానంటే మా ప్రొద్దుటూరులో అక్కడ ఏం చూశావని ఎవరూ అడగరు. ఏం తెచ్చావని అడుగుతారు. వీధికి ఇద్దరు ముగ్గురు అక్కడ పనిచేసేవాళ్ళే కాబట్టి ఆ దేశం మాకు పక్క ఊరి కింద లెక్క. నేను తెచ్చింది ఖర్జూరాలు, ఒక సెంటు సీసా, వాచిపోయిన మోకాలు. మోకాలి సంగతి అడిగినవాళ్ళకి జారిపడ్డానని చెప్పి ఊరుకుంటున్నాను. జారిపడ్డ మాట నిజమే. మిగతాది చెప్పాలంటే కూర్చోబెట్టి చెప్పాలి, మా వీధిలో అంత తీరిక ఎవరికుంది? అందుకే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. వయసులో ఉన్నప్పుడు జిల్లా తరఫున బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడాను. ఇప్పటికీ పొద్దున లేస్తే స్టేడియంకి పోవాల్సిందే. ఏళ్ళ తరబడి గ్రౌండులో అరిచిన గొంతు నాది. ఫోన్ లేకుండానే పక్క వీధికి వినపడుతుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఈ గొంతు విషయం ముందే చెప్పడం మంచిది.

ఫహాహీల్

మా చెల్లెలి కూతురు శిరీష ఉండేది ఫహాహీల్‌లో. అల్లుడు ఆయిల్ కంపెనీ ఉద్యోగి. "పెద్దమ్మా, ఒక వారం రా, చూసి పోదువు" అని ఆర్నెల్లుగా ప్రాణం తీస్తుంటే వెళ్ళాను. "నీ రాకెట్ కూడా తెచ్చుకో" అని చివర్లో అన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

దిగిన రోజే దుమ్ము. ఆకాశం పసుపూ కాదు, ఎరుపూ కాదు. మధ్యాహ్నం పూట వీధి దీపాలు వెలిగాయి. సందులో రొట్టెల దుకాణం ముందు జనం వరసగా నిలబడి, పొయ్యిలోంచి తీసిన ఖుబ్జ్ రొట్టెలు వేడివేడిగా చేతుల మీద వేసుకుని పోతున్నారు. ఎవరూ మాట్లాడుకోవట్లేదు. దుమ్ము నోట్లోకి పోతుందని మూతులు బిగించుకున్నారట. మన దగ్గర అయితే దుమ్మును తిట్టడానికైనా నోరు తెరుస్తాం. ఆ మూల మీదే మన కడప వాళ్ళ హోటల్ ఉంది. రాగిసంగటి, నాటుకోడి పులుసు దొరుకుతాయి. ధర మన రూపాయల్లోకి మార్చి చూసుకున్నాక మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండో ముద్ద నుంచి మార్చుకోవడం మానేశాను.

సంగటి తింటుండగా శిరీష అసలు సంగతి బయటపెట్టింది.

"పెద్దమ్మా, సల్వాలో మేము ఆడే హాలుకు ఒక కోచ్ ఉండాడు. డెన్మార్క్ ఆయన. పేరు నీల్స్. ఒకప్పుడు పెద్ద పెద్ద టోర్నమెంట్లలో డబుల్స్ ఆడినోడు. నాకు ఆట నేర్పించింది ఆయనే. శుక్రవారం ఆయనకు జోడీగా నువ్వు ఆడల్ల."

"ఎందుకే? ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"ఎవురూ రావడం లేదు. ఆయన పక్కన నిలబడేదానికి భయపడ్తాండారు. నాకూ అంతే పెద్దమ్మా."

నీల్స్ జోడీ పేరు ఓలె. ఆ ఓలె చనిపోయి చాలా ఏళ్ళయింది. అయినా నీల్స్ ప్రాక్టీసులో ఒక్క పాయింటు వచ్చినా, చెయ్యి వెనక్కి చాపి ఎవరి అరచేతినో తట్టినట్టు తడతాడట. గెలిస్తే వెనక్కి తిరక్కుండానే డేనిష్‌లో ఏదో అంటాడట. ఇది చూసి తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. హాలు యజమానే నీల్స్‌కి వీసాకి పూచీ పడ్డ కఫీల్. శుక్రవారం తల్లిదండ్రులందరినీ పిలిచి, వాళ్ళ ముందు అందరిలాగే ఒక మనిషి జోడీతో ఒక మ్యాచ్ పూర్తిగా ఆడి చూపించు, లేకపోతే ఖలాస్ అన్నాడు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇక మళ్ళీ చెయ్యించడు.

"పోతే పోయె. సొంత దేశం ఉంది కదా?"

"ఆ ఊరికి మళ్ళా పోనంటాడు పెద్దమ్మా. ఆ సముద్రం పక్కకు పోతే బతకనని నాతోనే అన్న్యాడు." శిరీష కళ్ళలో నీళ్ళు. "ఫోన్లో చెప్తే నువ్వు వచ్చేదానివా?"

వచ్చేదాన్ని కాదు. ఆ మాటే మొహం మీద అనేశాను. అన్నాక ఆడతానని కూడా నేనే అన్నాను.

సముద్రం పక్క రోడ్డు

మర్నాడు సల్వాకి బస్సెక్కాం. రోడ్డుకి కుడిపక్కన సముద్రం ఉండాలి, దుమ్ములో కనిపించలేదు. వాసన మాత్రం వస్తోంది. మన బస్సుల్లో కూర్చున్న ఐదు నిమిషాలకి పక్కవాళ్ళ కులగోత్రాలు తెలిసిపోతాయి. ఇక్కడ అందరూ నిద్రపోతున్నారు. ఒక్క మనిషి తప్ప. కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని, నా నుదుటి బొట్టు చూసి నవ్వింది. గంగమ్మ, రాయచోటి వైపు మనిషి. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని. ఆ ఇంటి వెనకదే మా హాలు.

"ఆ హాలు తుడిచేది నేనే మేడమ్. మామా చెప్పింది, శుక్రవారానికి అద్దం మాదిరి ఉండల్లని." మామా అంటే ఇంటి యజమానురాలు. "అన్నీ ఆరతాయి. ఎడమపక్క వెనకమూల ఒకటి ఆరదు. తుడిచి అట్ల పోయి ఇట్ల వస్తే మళ్ళా తడి."

"ఏసీ కారుతుంటుంది" అన్నాను.

"ఏసీ ఆ పక్క లేదు మేడమ్" అంది గంగమ్మ. తర్వాత శిరీష ముఖం చూసి, సంచిలోంచి ఒక దోసకాయ తీసి నాకిచ్చింది.

సల్వా

పెద్ద పెద్ద ఇళ్ళు, ఎత్తైన గోడలు. వీధిలో నడిచేది పనివాళ్ళూ పిల్లులూ మాత్రమే. హాలు మాత్రం బాగుంది, చెక్క నేల, ఒకే ఒక్క కోర్టు. నీల్స్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. పొడుగు మనిషి, తెల్లజుట్టు, వంగిన భుజాలు. నేను ఏ పిచ్చివాణ్ణో చూడబోతున్నాననుకుని వెళ్ళాను. ఆయన మర్యాదగా కుర్చీ లాగి, తనే చేసిన కేకు ముక్క పళ్ళెంలో పెట్టాడు. వాళ్ళ ఊరి క్లబ్బులో ఆట అయ్యాక అందరూ కూర్చుని కాఫీ తాగి కేకు తినకుండా ఎవరూ ఇంటికి పోరట. ఓడినవాళ్ళూ గెలిచినవాళ్ళూ ఒకే బల్ల దగ్గరట. మా స్టేడియంలో ఓడినవాళ్ళు స్కూటరెక్కి పోవడమే చూశాను. కేకులో ఏలకులు వేశాడు. మా పాయసం వాసనొచ్చింది.

ఆయన కథ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. చిన్న ఊరు. ఏడాదిలో సగం వాన, చలి, అందుకని పిల్లలందరూ హాల్లోనే పెరుగుతారు. ఓలెదీ తనదీ పక్క పక్క ఇళ్ళు. ఓలె ఎడమచేతి వాటం, వెనక నిలబడి స్మాష్ కొట్టేవాడు. నీల్స్ ముందు, నెట్ దగ్గర. చిన్నప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఇదే వరస. దేశం తరఫున ఆడారు, ఆసియా అంతా తిరిగారు, పెద్ద కప్పులకి ఒక మెట్టు కింద ఆగిపోయారు.

"నెట్ ఆటగాడికి ఒకటే నియమం టీచర్" అన్నాడు. "వెనక్కి చూడకూడదు. చూస్తే షటిల్ మొహానికి తగులుతుంది, లేదా తర్వాతి షాట్ పోతుంది. వెనక ఉన్నాడని నమ్మాలి, అంతే. నేను నా జీవితంలో కోర్టులో వెనక్కి చూడలేదు."

అది నాకూ తెలుసు. మా పిల్లలకి నేనూ అదే నేర్పాను.

ఆట మానేశాక కూడా ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. చలికాలంలో సముద్రంలో మునగడం అక్కడ అలవాటట. మంచు పడుతుంటే చెక్కవంతెన మీద నడుచుకుంటూ పోయి, ఒక్క మునక వేసి, పరుగెత్తుకొచ్చి ఒళ్ళు తుడుచుకుంటారు. వినడానికే నాకు పళ్ళు కటకటలాడాయి. ఒకరోజు ఇద్దరూ మునిగారు. నీల్స్ ముందు ఎక్కి గదివైపు నడిచాడు.

"వెనకే వస్తున్నాడనుకున్నాను. మాట్లాడుతూనే నడిచాను. గది దాకా మాట్లాడుతూనే ఉన్నాను."

ఓలె నీళ్ళలోంచి బయటికి రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

"వాడు నన్ను పిలవలేదు టీచర్. ఒక్కసారి పిలిచి ఉంటే..." అన్నాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. చేతిలో కేకు ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టేశాను.

తర్వాత ప్రాక్టీసు. నెట్ అవతల హాలుకి వచ్చే మరో ఇద్దరు. మిక్స్‌డ్ డబుల్స్‌లో సాధారణంగా ఆడమనిషి ముందు, మగమనిషి వెనక. ఈయన మాత్రం నన్ను వెనక ఉండమన్నాడు. ఎడమచేతి వాటం వాడికి వదిలినట్టే ఎడమపక్కంతా నాకు వదిలేస్తున్నాడు. నేనేమో కుడిచేతి వాటం, అరవై దాటిన దాన్ని. ఆ మూలకి నేను అందుకోలేను. అయినా అటు పోయిన షటిల్ ఒకటి రెండు అవతలికి తిరిగెళ్ళాయి. శిరీషే ఆ మూల నిలబడి కొట్టిందేమో అనుకున్నాను. శిరీష బయట ఫోన్లో ఉంది.

వెళ్ళేటప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు. "దయచేసి ఆటలో అరవొద్దు. మీ గొంతు వినిపిస్తే..."

డబుల్స్‌లో "నాది", "వదిలెయ్" అని అరవకుండా ఆడడం ఎవరికైనా కష్టం. నాకైతే శిక్ష. సరేనన్నాను. వెనక నేను లేనట్టు ఆడాలని ఆయన ఉద్దేశమని నాకు అర్థమైంది. నేను లేకపోతే ఇంకెవరు ఉన్నట్టు? బస్సులో దారంతా అదే ఆలోచన.

జాబ్రియా

గురువారం మధ్యాహ్నం జాబ్రియాలో డాక్టర్ వేణు ఇంట్లో భోజనం. హైదరాబాద్ మనిషి. శుక్రవారం మాకు ఎదురుగా ఆడేది ఆయనా ఆయన భార్యా. నీల్స్ మీద మొదట ఫిర్యాదు చేసిందీ ఆయనేనని శిరీష దారిలో చెప్పింది. మరి ఎదుటివాళ్ళింట్లో అన్నమెందుకే అన్నాను. ఇక్కడ అందరూ అందరిళ్ళలో తింటారంది.

సర్వపిండి చేశారు, పచ్చిపులుసు చేశారు. వడ్డిస్తున్నంతసేపూ పొగిడాను, మనసారా పొగిడాను. చివర్న అడిగేశాను.

"ఆయన మీద కోపమా డాక్టర్‌గారూ?"

"కోపమేంది మేడమ్! మంచి మనిషి. మా బాబుకు సర్వీస్ నేర్పింది ఆయననే." వేణు మజ్జిగ పోసుకున్నాడు. "కానీ గా మనిషికి ఇలాజ్ కావాలె, మందు కావాలె. లేనోన్ని ఉన్నడనుకుంటె ఎట్ల? పిల్లలు ఇంటికొచ్చి, డాడీ, ఇంకో అంకుల్ మస్తు ఆడిండు అంటున్నరు. పెద్దోళ్ళ పిచ్చి పిల్లలకెక్కద్దు. గంతే."

"పిల్లలు చూశామంటున్నారా?"

"పిల్లలు వంద అంటరు మేడమ్. మనం సదువుకున్నోళ్ళం, మనం గూడ నమ్ముతమా?"

నమ్మనని తల ఊపాను. ఆ మాట అప్పుడు నిజమే. ఆయన భార్య కిటికీ తెర సరిచేసింది. బయట దుమ్ము ఇంకా తగ్గలేదు. ఆ రోజు మ్యాచ్ మాటే మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ సల్వా

శుక్రవారం నమాజు అయ్యాక జనం వచ్చారు. తల్లిదండ్రులు గోడవెంట కుర్చీల్లో, తెల్లటి దిష్‌దాషా వేసుకుని యజమాని ముందు వరసలో. మ్యాచ్‌కి ముందు ఏసీ ఆపేశారు. ఆ గాలికి షటిల్ పక్కకి పోతుందని హాల్లో ఎక్కడైనా ఆపేస్తారు. కువైట్‌లో ఏసీ ఆపిన హాలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిలబడితేనే చెమట. నాకు మాత్రం ఎడమ భుజం చల్లగా ఉంది. ఎవరో తడి గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డట్టు.

నీల్స్ ముందు, నేను వెనక. ఆడవాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మొదటి గేమ్ పోయింది. రెండోది మేము తీసుకున్నాం. ఎలా తీసుకున్నామో నన్నడగొద్దు, నేను కొట్టినవాటికంటే ఎక్కువే తిరిగెళ్ళాయి. నోరు బిగించుకుని ఆడుతున్నాను. దవడలు నొప్పెడుతున్నాయి. నీల్స్ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. పాయింటు రాగానే చెయ్యి వెనక్కి చాపుతున్నాడు. జనం చూస్తున్నారు కదా, నేను పరుగెత్తుకెళ్ళి తడుతున్నాను. రెండుసార్లు నేను చేరేలోపే ఆయన చెయ్యి దించేశాడు, తట్టడం అయిపోయినట్టు. యజమాని కనుబొమలు ముడుచుకున్నాయి. శిరీష గోళ్ళు కొరుకుతోంది.

మూడో గేమ్ సగంలో వేణు ఎడమ మూలకి లేపాడు. నేను పరుగెత్తాను. పొద్దున్నే గంగమ్మ తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవడం నా కళ్ళతో చూశాను. అయినా కాలు సర్రున జారింది. మోకాలు మెలి తిరిగి కూలబడ్డాను. అరచేయి నేలకానింది. నీళ్ళు. చల్లటి నీళ్ళు.

అమ్మా అనబోయి ఆపుకున్నాను. మాటిచ్చాను కదా. షటిల్ నా తల మీదుగా వెనక్కి పోయింది. పోయిందిలే, పాయింటు వాళ్ళదే అనుకున్నాను.

నా వెనక ఠపీమని స్మాష్ మోగింది. షటిల్ నా మీదుగా ముందుకు దూసుకెళ్ళింది. వేణు అలవాటు కొద్దీ అందుకుని మళ్ళీ లేపాడు. మళ్ళీ మోగింది. నీల్స్ నెట్ దగ్గర మోకాళ్ళు వంచి, రాకెట్ ఎత్తి, హాయిగా, కుర్రాడిలా కదులుతున్నాడు. ఆయన భుజాల్లో ఎంత సంతోషమో నాకు వెనకనుంచే తెలుస్తోంది.

భయమేసింది. దాన్ని మించి ఇంకొకటి తట్టింది. నేను ఇక్కడ పడి ఉన్నాను, ముందున్న మనిషికి తెలియదు. నేను వెనకే ఉన్నాననుకుంటున్నాడు. ఇలా ఇంకెంతసేపు? మాట లేదు గీట లేదు, గ్రౌండు గొంతు తీశాను.

"నీల్స్! పడ్డాను! వెనక్కి చూడు!"

ఆయన రాకెట్ గాల్లో ఆగిపోయింది. షటిల్ ఆయన పాదాల దగ్గర పడింది. నీల్స్ తిరిగాడు. ముందు నన్ను చూడలేదు. నా వెనక మూలకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ముఖం నేను చెప్పలేను. ఆ మనిషి దగ్గరున్నది నేనే లాగేసుకున్నాననిపించింది. తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చి, తడిలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ చాపాడు.

"మీరు పిలిచారు" అన్నాడు. ఏడుస్తున్నాడు. "మీరు పిలిచారు టీచర్."

"పిలవక? చచ్చేట్టున్నాను" అన్నాను తెలుగులోనే. అర్థమైనట్టే నవ్వాడు.

లేపి నిలబెట్టాడు. మ్యాచ్ ఆపేద్దామని వేణు అన్నాడు. వద్దన్నాను. పూర్తిగా ఆడితేనే కదా ఇఖామా. మోకాలికి గుడ్డ బిగించి కట్టించుకున్నాను. అప్పుడు నీల్స్ జీవితంలో చెయ్యని పని చేశాడు. నన్ను నెట్ దగ్గరికి నడిపించి, తను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇక మీరు ముందు. పరుగెత్తకండి, రాకెట్ ఎత్తి ఉంచండి చాలు. వెనక నేనున్నాను."

ఆడాం. నేను కుంటుతూ నెట్ దగ్గర, వెనకనుంచి షాట్ల మోత. ఆయనిప్పుడు పెద్ద గొంతుతో అరుస్తున్నాడు, నాది, నాది అని. చెయ్యి వెనక్కి చాపింది ఈసారి నేను. ప్రతిసారీ వెచ్చటి చెయ్యి వచ్చి తట్టింది. నేను మాత్రం వెనక్కి చూడలేదు. నియమం కదా. పైగా ఒక్కరి పాదాల చప్పుడేనా అది అని నాకు లోపల అనుమానం, చూసే ధైర్యం లేదు.

ఫలితం చెప్పేస్తాను. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. యజమాని లేచి చప్పట్లు కొట్టి, "యల్లా, వచ్చే ఏడాదికి కూడా" అన్నాడు. ఉద్యోగం నిలిచింది. శిరీష అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. నేను ఊరికొచ్చాక నీల్స్ ఫోన్ చేశాడు, ఇప్పుడు పిల్లలు మళ్ళీ వస్తున్నారట. నా మోకాలి గురించి మూడుసార్లు అడిగాడు.

కానీ నేను చెప్పకుండా ఉండలేనిది ఆ చివరి పాయింటు తర్వాత ఒక్క నిమిషం సంగతి. ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ నెట్ దగ్గరికొచ్చి చేతులు కలపడం ఆనవాయితీ. వేణు తల వంచుకుని, రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. నాకు చెయ్యిచ్చాడు. నా పక్కకొచ్చిన నీల్స్‌కి ఇచ్చాడు. ఇచ్చి, అలాగే ఇంకో అడుగు పక్కకి వేసి, ఎవరూ లేని చోట నెట్ మీదుగా మూడోసారి చెయ్యి చాపాడు. కుడిచెయ్యి కాదు, ఎడమ చెయ్యి.